బోర్డు మీద ఆలస్యంగా రాసిన తుఫాను

మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది సన్మానం జరిగిన నాలుగో రోజున, రెండోది ఆ నెలాఖరున, మూడోది రిజిస్టరు పోస్టులో, రసీదు జాగ్రత్తగా దాచుకుని మరీ. ఒక్కదానికీ జవాబు లేదు. తాడేపల్లిగూడెంలో పాతకాలపు మిల్లు గుమస్తాలనూ రైతులనూ కూడగట్టి సభ పెట్టిన పెద్దమనుషులు, నా భుజాల మీద శాలువా కప్పడానికి చూపించిన తొందరలో పదోవంతు కూడా నా కవరు చించడానికి చూపించలేదు. నేనడిగింది ఇంకో శాలువా కాదు. సభలో వక్త నా గురించి చెప్పిన మాట, తరవాత వాళ్ళ సంచికలో అచ్చేసిన మాట తప్పు, దాన్ని నాలుగు వాక్యాల్లో సవరించండి అని మాత్రమే అడిగాను. తమను పొగడలేదని ఉత్తరాలు రాసేవాళ్ళు వాళ్ళకు చాలామంది తగిలి ఉంటారు కానీ, తనను పొగడటం తప్పని రాసేవాడు తగలడం ఇదే మొదటిసారి కావచ్చు. పిచ్చివాడనుకున్నారేమో.

వక్తగారు చెప్పింది ఇదీ. కోతల రోజుల్లో తుఫాను వచ్చిన ఆ ఏడు, మిల్లు గోడ మీద బోర్డులో నేను ముందే హెచ్చరిక రాశాననీ, దాన్ని నమ్మినవాళ్ళంతా పంట దక్కించుకున్నారనీ, సొంత బావగారు మాత్రం బావమరిది మాట పెడచెవిని పెట్టి చేను పోగొట్టుకున్నారనీ. సభ గొల్లుమంది. మూడో వరుసలో అక్కయ్య పక్కన కూర్చున్న బావగారి వైపు నలుగురూ తిరిగి చూశారు. ఎనభై దాటిన ఆ మనిషి కూడా అందరితోపాటు నవ్వి, అవునన్నట్టు తల ఊపారు. నేను లేచి మైకు దగ్గరకు వెళ్ళేలోపల, బూరెలు చల్లారిపోతున్నాయి, భోజనాలకు లేవండని ప్రకటించేశారు. నా మాటకు భోజనం అడ్డం రావడం అదే మొదటిసారి కాదు, ఆ సంగతి కూడా చెబుతాను. వాళ్ళు వెయ్యని నాలుగు వాక్యాలూ ఈ పత్రికలో వివరంగా రాసుకుంటున్నాను. రేడియో పక్కన చెవి ఆనించి వార్తలు విన్న నా ఈడువాళ్ళు చదివితే చాలు.

అప్పట్లో నా కాపురం ఏలూరులో, ఉద్యోగం తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో. రోజూ పొద్దున్నే పాసింజరు రైలు ఎక్కేవాణ్ణి. కొల్లేరు వైపు కిటికీ దగ్గర నాకో చోటుండేది, అందులో ఇంకెవరైనా కూర్చుంటే దెందులూరు దాకా ఎదురుగా నిలబడి వాళ్ళ మొహంలోకి చూసేవాణ్ణి, ఆ తరవాత వాళ్ళే లేచేవారు. రైలెక్కే ముందు ఇంట్లో రేడియోలో వాతావరణ సూచన వినడం నాకు సంధ్యావందనం లాంటిది. పిల్లలు ఏడ్చినా, పాలు పొంగినా, ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ముందు కొండ ప్రాంతాల్లో మంచు కురుస్తుందో లేదో చెప్పేవారు, తరవాత ఎడారి ప్రాంతంలో వేడిగాలులూ దుమ్ము తుఫాన్లూ చెప్పేవారు, చివరికి ఎప్పుడో కోస్తా జిల్లాల వంతు వచ్చేది. కోస్తాకు ఇచ్చేది ఒకటే వాక్యం, కొన్నిచోట్ల వర్షాలు పడే అవకాశం ఉందని. ఆ కొన్నిచోట్లలో కొల్లేరు ఉందా, మా కాలవల కింద చేలు ఉన్నాయా అని వివరం అడుగుతూ రేడియో వారికి కార్డుల మీద కార్డులు రాశాను. వాళ్ళూ జవాబివ్వలేదు.

అయినా విన్నదంతా ఒక నోటుబుక్కులో ఎక్కించేవాణ్ణి. కొండలు చూసినవాణ్ణి కాదు, ఎడారి అసలే ఎరగను. కానీ మంచు పడి దారులు మూసుకుపోయాయని రాస్తున్నప్పుడు వేళ్ళు చల్లబడినట్టుండేది. ఎక్కడో ఎడారి ఊళ్ళో నాలాంటి గుమస్తా ఒకడుంటాడనీ, వాడు మా తీరంలో వాయుగుండమని గోడ మీద రాస్తే అక్కడివాళ్ళు వాణ్ణి చూసి నవ్వుతారనీ అనుకునేవాణ్ణి. వాడి మీద జాలేసేది. నా మీద నాకు జాలి పడటానికి అదొక మర్యాదైన దారి అని ఇప్పుడనిపిస్తుంది.

మిల్లు గేటు పక్క గోడకు ఒక నల్లబోర్డు ఉండేది. ఏ రకం ధాన్యం దింపుకుంటున్నారో రాయడానికని పెట్టి, తరవాత వదిలేశారు. షావుకారుగారిని అడిగి దాన్ని నేను తీసుకున్నాను. మొదట్లో రేడియో చెప్పినదంతా, కొండలూ ఎడారీ కోస్తా అన్నీ, గుండ్రటి అక్షరాలతో రోజూ రాసేవాణ్ణి. కింద నా సొంత మాటగా, కోత కోసుకోవచ్చు, పనలు తిరగేసుకోండి, కుప్ప వేసేయండి అని ఒక సలహా. వరి కోసి పనలుగా చేలో నాలుగైదు రోజులు ఆరబెట్టి కుప్ప వేసే కాలం అది. ఆ నాలుగైదు రోజుల్లో వాన పడిందా, ఏడాది కష్టం నేలపాలు. అందుకని నా సలహా కోసం రైతులు వస్తారని నేననుకున్నాను. వచ్చారు, కానీ పైన రాసింది చదివి నవ్వుకోవడానికి వచ్చారు. ఉంగుటూరు వైపు పెద్దాయన ఒకరు, పేరు రాయను గానీ మొహం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది, పదిమందిలో నన్ను పిలిచి మరీ అడిగారు.

"ఏవండీ గుమస్తాగారూ, ఎడారిలో దుమ్ము లేస్తే మా ఊళ్ళో ఒంటెలకేవన్నా ఇబ్బందాండీ?"

ఆ నవ్వులు షావుకారుగారి గది దాకా వెళ్ళాయి. ఆయన వ్యాపారస్తుడు, మెత్తగానే చెప్పారు. "చూడండీ, రైతు చదివేది ఒకటే ముక్కండీ. వానుంటే వానని రాయండి, లేకపోతే ఊరుకోండి. సుద్దముక్కలేవన్నా మన మిల్లులో ఆడుతున్నాయాండీ?"

అలా నా కొండలూ ఎడారీ పోయాయి. ఆనాటి నుంచి ప్రమాదం ఉన్న రోజునే బోర్డు మీద రాయడం, లేని రోజున తుడిచి ఉంచడం. కొన్నాళ్ళకు అదే అందరికీ అలవాటైపోయింది. ఎడ్లబండి మీద వచ్చినా, సైకిలు మీద పోతున్నా, గోడ వైపు ఒక్క చూపు చూసేవారు. అక్షరాలుంటే ఆగి చదివేవారు, నల్లగా కనిపిస్తే నిశ్చింతగా పోయి కోత కూలీలకు కబురు పెట్టేవారు. ఖాళీ బోర్డంటే ఎండ అని అర్థం. ఈ అర్థాన్ని నేను పెట్టలేదు, నన్ను నవ్వులపాలు చేసినవాళ్ళు పెట్టారు. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న సమాధానం ఇదే. సమాధానం సరైనదే కానీ దానివల్ల ఎప్పుడూ నిద్ర పట్టలేదు.

బావగారి సంగతికి వస్తాను. అక్కయ్యను ఇచ్చింది ఉంగుటూరు దగ్గర పల్లెలోనే. బావగారికి మెరక మీద కొంత, రైలుకట్ట పక్కన కొల్లేరు వైపు పల్లంలో కొంత పొలం ఉండేది. మంచి రైతు, అంతకంటే మంచి హాస్యగాడు, ఎవర్నీ వదిలిపెట్టేవారు కాదు. ఆ ఏడు కార్తీకం మొదట్లో నేను బోర్డు మీద వాన రాశాను. బావగారు నమ్మి, మెరక చేలో పనలు ఇంకా పచ్చిగా ఉండగానే హడావిడిగా కుప్ప వేయించారు. వాన దక్షిణాదికి తప్పుకుపోయింది. మా దగ్గర చినుకు రాలలేదు, లోపల నెమ్ముకు కుప్ప వేడెక్కి ధాన్యం కమురు వాసన వేసింది. నేను రాసింది అవకాశం ఉందని, కురిసి తీరుతుందని కాదు. ఈ తేడా అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

రెండు వారాల తరవాత ఆదివారం, మామిడి తోటలో చుట్టాలందరి వనభోజనం. నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టారు, పులిహోర నా విస్తరి దాకా వచ్చేసరికి అయిపోయింది, అది వేరే సంగతి. వడ్డన మధ్యలో ఎవరో మబ్బు పట్టిందే అన్నారు. బావగారు చేతిలో నేతి గిన్నెతో నా ఎదురుగా నిలబడి, తోటంతా వినబడేట్టు అందుకున్నారు.

"మబ్బుకేం భయం లేదండీ. మా బావమరిది బోర్డు మీద కురిసినంత వాన జిల్లాలో ఇంకెక్కడా కురవదు. గొడుగు పట్టాల్సింది చేనుకి కాదండీ, ఆ మిల్లు గోడకి!"

నవ్వారు. అందరూ నవ్వారు. అక్కయ్య కూడా, చేతిలో పప్పు గరిటె వణికేంతగా నవ్వింది. ఆ నవ్వు నాకు గుచ్చుకున్నంతగా బావగారి మాట గుచ్చుకోలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే నా కాళ్ళ దగ్గర కూర్చున్న మనిషి కదా. పెరుగన్నం తినకుండా చెయ్యి కడిగేసుకుని లేచాను. ఎవరూ గమనించలేదు. అదీ గుర్తుంది.

సోమవారం నాడు బోర్డు శుభ్రంగా తుడిచాను. ఇకమీదట ఎండైనా వానైనా రాయకూడదని నిశ్చయించుకున్నాను. మంగళవారం పొద్దున రేడియోలో బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతోందనీ, రెండు మూడు రోజుల్లో కోస్తాలో భారీ వర్షాలనీ చెప్పారు. ఈసారి కొన్నిచోట్ల అనలేదు, చాలాచోట్ల అన్నారు. ఆ తేడా నాకంటే బాగా తెలిసినవాడు జిల్లాలో ఎవరూ లేరు. నోటుబుక్కులో ఎక్కించాను. కొండల గురించి, ఎడారి గురించి కూడా ఎక్కించాను, చేతిరాత ఎక్కడా తడబడలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మిల్లుకు వెళ్ళాను. సుద్దముక్క జేబులోనే ఉంది. బోర్డు పక్కనుంచే లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

పది గంటల వేళ బావగారు గోనె సంచుల కోసం వచ్చారు. బోర్డు ముందు సైకిలు ఆపి కాసేపు చూశారు. నా గది కిటికీ ఆ గోడకు ఆనుకునే ఉంటుంది. రిజిస్టరులో తల పెట్టుకున్న నన్ను పలకరించారు, ఆదివారం సంగతి ఆయన బుర్రలో మిగిలున్నట్టే లేదు.

"ఏవోయ్ బావమరిదీ, రేపు పల్లపు చేలో కోత పెట్టిస్తున్నానయ్యా. వాన లేనట్టేగా?"

తలెత్తకుండా జవాబు చెప్పాను. "బోర్డు మీ ఎదురుగానే ఉందిగా అండీ. చూసుకోండి."

"సరే అయితే" అని సైకిలెక్కి వెళ్ళిపోయారు.

నేను అబద్ధం చెప్పలేదు. ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు మనసులో రాసుకున్నానో లెక్క లేదు. ఇప్పుడు కాగితం మీద చూస్తే ఎంత నీచంగా ఉందో తెలుస్తోంది. ఆయన వెళ్ళాక చాలాసేపు, పిలవాలా వద్దా అని కాదు, ఆయన వెనక్కి వచ్చి ఇంకోసారి అడుగుతారా అని చూశాను. ఇంకోసారి అడిగితే చెప్పేవాణ్ణి. నిజానికి నాకు కావలసిందల్లా ఆ ఇంకోసారే. వనభోజనంలో అన్నదానికి బదులుగా, పదిమంది ముందూ కాకపోయినా కనీసం ఆ కిటికీ ముందు, వానొస్తుందా బాబూ అని నన్ను బతిమాలడం కావాలి.

బుధవారం పొద్దున రైలు కైకరం, చేబ్రోలు దాటింది. కిటికీలోంచి పల్లపు చేను కనబడింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ బారులు తీరి వంగి కోస్తున్నారు, తెల్లవారుజామునే మొదలుపెట్టినట్టున్నారు, అప్పటికే సగం చేను పనలై నేల మీద పడుకుని ఉంది. ఎండ మహా బాగుంది. గట్టు మీద తలగుడ్డతో బావగారు. నేను ఏ పెట్టెలో ఏ వైపు కూర్చుంటానో ఆయనకు తెలుసు, కోతల రోజుల్లో చెయ్యి ఊపడం మాకు అలవాటు. ఆయన చెయ్యెత్తారు. నేను పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఉంగుటూరులో రైలు ఆగింది. దిగి కట్ట వెంట వెనక్కి నడిస్తే పావుగంట. మిగిలిన సగమైనా నిలబడి ఉండేది, కోసినదాన్ని కూలీలందరూ కలిసి గట్టెక్కించేవాళ్ళు. రైలు కదిలేదాకా పేపరు అలాగే పట్టుకున్నాను. ఏ వార్త చదివానో గుర్తు లేదు, పేజీ అడుగున ట్రాక్టరు ప్రకటన ఒకటి ఉంది, అందులో రైతు నవ్వుతూ ఉన్నాడు, అది గుర్తుంది.

గురువారం మధ్యాహ్నానికి గాలి మారింది. తూర్పుగాలి ఉప్పు వాసనతో వచ్చింది. లేచి వెళ్ళి బోర్డంతా నిండేట్టు, తుఫాను వస్తోంది, కోతలు ఆపండి, కోసినవి కుప్ప వేసి కప్పండి అని రాశాను. ఆ సాయంత్రమూ శుక్రవారం పొద్దునా దాన్ని చూసినవాళ్ళు చాలామంది కోతలు ఆపుకున్నారు. నిలబడ్డ పైరు పడిపోయినా కొంత దక్కింది. శుక్రవారం మధ్యాహ్నం మొదలైన వాన మూడు రోజులు వదల్లేదు. సముద్రం పోటు మీదుండటంతో ఉప్పుటేరు కొల్లేటి నీళ్ళను లాగలేదు, కొల్లేరు నిండి మురుగు కాలవలు వెనక్కి తన్నాయి. మెరక వాళ్ళ నీళ్ళు పోయినా పల్లపు చేలల్లో నడుములోతు నిలిచింది. బావగారి పనలు తేలిపోయాయి.

నీళ్ళు తీశాక వెళ్ళాను. కాలవగట్టు పొడవునా కుళ్ళు వాసన. అక్కయ్య గట్టు మీద గొంతుక్కూర్చుని, మొలకలు అల్లుకుపోయి ముద్దకట్టిన కంకుల్ని వేళ్ళతో విడదీసి పరుస్తోంది. మొలకలు ఇంతింత పొడవు, నారుమడి కంటే పచ్చగా ఉన్నాయి. నేనూ కూర్చుని విడదీశాను. నా చేతులకు ఆ పని రాదని కూడా ఆవిడ అనలేదు.

దక్కిన నాలుగు బస్తాలూ బావగారు మా మిల్లుకే తెచ్చారు. నమూనా తీయడం నా పని. గుప్పెడు గింజలు బల్ల మీద పోశాను, నల్లగా, కొన్ని ఇంకా తోకలతో. షావుకారుగారు ఒక గింజ కొరికి పక్కకు ఉమ్మి, పదిమంది రైతుల ముందు అడిగారు.

"అదేవిటండీ, బోర్డు రాసే మనిషి మీ ఇంట్లోనే ఉండగా మీరిలా మునిగిపోయారేవిటండీ?"

అయిపోయింది, అనుకున్నాను. మంగళవారం అడిగాను, బోర్డు చూసుకోమన్నాడు అని ఆయన ఒక్క మాటంటే చాలు. ఆ మాట కోసం నేను బల్లను పట్టుకుని నిలబడ్డాను. బావగారు తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నారు.

"మావాడి తప్పేం లేదండీ. మంగళవారం నాడే చెప్పాడు, కోత పెట్టొద్దు బావగారూ అని. నేనే విన్లేదు. నాకు బుద్ధి రావాలంటే చేలోకి నీళ్ళు రావాలండి మరి."

అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. నా వైపు చూడలేదు. నేను నోరు తెరిచాను, ఆ సంగతి ప్రమాణం చేసి చెబుతాను. కానీ వెంటనే షావుకారుగారు నా భుజం తట్టి, ఈయన మాట ఇకమీదట అందరూ వినండి అన్నారు. అన్నేళ్ళుగా ఎవరూ తట్టని భుజం అది. నోరు మూసుకున్నాను. రిజిస్టరులో రంగు మారినది అని రాశాను. ఆ రాత కూడా తడబడలేదు.

ఆనాటి నుంచి నా బోర్డుకు వచ్చిన గౌరవం ఇంతా అంతా కాదు. పక్క ఊళ్ళ నుంచి వచ్చి చూసుకుని వెళ్ళేవారు. ఒంటెల సంగతి అడిగిన పెద్దాయన కూడా, గుమస్తాగారూ మజ్జిగ తాగండని గ్లాసు అందించారు. నేను పదవీ విరమణ చేసేదాకా, ఒక్కరోజు కూడా తప్పకుండా, ఖాళీగా ఉంచాల్సిన రోజున కూడా ఎండ అని రాశాను. అది ప్రాయశ్చిత్తమనుకునేవాణ్ణి. రైతులు అది నా శ్రద్ధ అనుకున్నారు, ఇంకా మెచ్చుకున్నారు. బావగారికి మాత్రం మాట విననివాడని పేరు పడిపోయింది. పెళ్ళిళ్ళలో, సంతలో, ఎవరు మొండికేసినా ఆయన్నే ఉదాహరణగా చెప్పేవారు. అక్కయ్య మరీ ఘోరం. నాకు కాఫీ ఇస్తూ, "నీ మాట విన్నారు కాదురా తమ్ముడూ, ఈయన మొండితనమే మమ్మల్ని ముంచింది" అని భర్త వినేట్టు అనేది. ఎన్ని కాఫీలు తాగానో. ఆయన పడక్కుర్చీలో పేపరు తిరగేస్తూ ఊఁ కొట్టేవారు.

ఆ వేసవిలోనే పల్లపు చేను చేపల చెరువుకిచ్చేశారు. తవ్వే యంత్రాలు వచ్చిన రోజున నేను గట్టు మీద ఆయన పక్కన నిలబడి, బావగారూ, మంగళవారం నాడు నేను, అని మొదలుపెట్టాను. "నువ్వేవన్నా కురిపించావుటయ్యా వాన? పద, మీ అక్క ఎదురుచూస్తోంది, అన్నం తిందాం" అన్నారు. కొన్నేళ్ళకు ఆయనకు ఏలూరులో కంటి ఆపరేషను జరిగితే మంచం పక్కన కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాను. "కళ్ళకి కట్టు ఉన్నప్పుడు చెబితే ఎలాగోయ్, మొహం కనపడొద్దూ?" అన్నారు. కట్టు విప్పిన రోజున మళ్ళీ వెళ్ళాను. నన్ను చాలాసేపు చూసి, "ఆఁ, బాగా కనిపిస్తున్నావయ్యా. ఇంక చెప్పక్కర్లేదులే" అన్నారు. అది హాస్యమో మరొకటో ఈనాటికీ నాకు తేలలేదు. రేడియో వారు జవాబివ్వలేదు, సభ వారు జవాబివ్వలేదు, వాళ్ళ మీద నాకున్నది కోపం. ఈయన జవాబివ్వకపోవడం అలాంటిది కాదు. ఆయన తిట్టి ఉంటే నేను కూడా నాలుగు మాటలు అనేవాణ్ణి, వనభోజనం సంగతి ఎత్తేవాణ్ణి, ఇద్దరం అరుచుకుని తేల్చుకునేవాళ్ళం. ఆయన నాకా అవకాశం ఇవ్వలేదు.

ఇప్పుడు మిల్లు లేదు, ఆ గోడా లేదు. కొండలకూ ఎడారికీ తీరానికీ విడివిడిగా, ఊరూరికీ గంటగంటకూ వాన సంగతి జేబులోని ఫోనే చెబుతోంది. దానికి అలక లేదు, ఎవరు నవ్వినా మర్నాడు మానెయ్యదు. పొద్దున దిగిన యంత్రం సాయంత్రానికి చేను కోసి గింజలు బస్తాకెత్తేస్తోంది, నేల మీద పనలు చూసి ఎన్నాళ్ళయిందో. పాసింజరులో వెళితే చేబ్రోలు దాటాక అంతా నీళ్ళే, చేపలకు గాలి అందించడానికి ఆ నీళ్ళలో తెల్లగా తిరిగే చక్రాలే. అందులో మా పల్లపు చేను ఏదో కిటికీలోంచి పోల్చుకోలేకపోతున్నాను. ఇదంతా మంచికే అయి ఉంటుంది. ఒక మనిషి కోపం వల్ల ఇంకో మనిషి చేను మునిగే కాలం పోయింది. మనిషి మనిషిని అడిగి కోత పెట్టుకునే కాలం కూడా దానితోపాటే పోయింది.

ఇంట్లో పత్రిక చదివి వినిపించేది అక్కయ్యేనని నాకు తెలుసు. అక్కయ్యా, నువ్విది గొంతు తగ్గించకుండా, మధ్యలో ఆపకుండా చదువు. ఆయన మొండితనం వల్ల చేను పోలేదు. ఆయన నన్ను అడిగారు, నేను చెప్పలేదు. ఇన్నాళ్ళూ నువ్వు ఆయన్ని అన్నవన్నీ నన్నని ఉండాల్సిన మాటలు.

బావగారూ, ఇక మీరు. షావుకారుగారి ముందు నా కోసం ఆ మాట చెప్పినప్పుడు, వాన వస్తుందని తెలిసే నేను మీకు ఆ జవాబు చెప్పానని మీకు తెలుసా, తెలియదా? తెలియకుండా కాపాడి ఉంటే నేనిప్పుడు మీ కాళ్ళ మీద పడాలి. తెలిసే కాపాడి ఉంటే ఇన్నేళ్ళుగా నాకు వేసిన ఈ శిక్ష చాలని మీ నోటితో అనాలి. భోజనం మాట ఎత్తకండి, నవ్వించకండి, నాకూ వయసు మీద పడింది. వచ్చే ఆదివారం పొద్దున బండికి వస్తున్నాను. గుమ్మంలోనే నిలబడతాను. తెలుసో తెలియదో చెప్పండి, అప్పుడు లోపలికి వస్తాను.